పొట్టిగా ఉన్నా ఆరోగ్యమేనా?

మా పిల్లల విభాగంలో బిడ్డను తూకం వేసి, వయసుకు తగ్గ బరువు లేదని చెప్పగానే, వెంట వచ్చిన నాయనమ్మో అమ్మమ్మో సాధారణంగా ఒక మాట అంటుంది: "మా వంశమే పొట్టి, సిస్టరమ్మా. పిల్లాడు సన్నగా ఉన్నాడు గాని చురుగ్గానే ఉన్నాడు."

ఇది పల్లెల్లో చదువులేనివారు మాత్రమే అనే మాట కాదు. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త కూడా దాదాపు ఇదే వాదన చేశారు. భారతదేశం వంటి దేశాల్లో ఎదుగుదల కొద్దిగా తగ్గిన పిల్లల్లో ఎక్కువమంది చిన్నవాళ్లే గాని ఆరోగ్యవంతులేనని, దొరికిన కొద్దిపాటి తిండికి వాళ్ల శరీరాలు సర్దుకున్నాయని ఆయన అన్నారు. ఈ మాట నిజమైతే ప్రభుత్వాలకు ఎంత తేలికో చూడండి. ఆకలితో ఉన్నవాళ్ల లెక్క ఒక్క కలంపోటుతో సగానికి పడిపోతుంది! దీనికి గట్టిగా అడ్డు నిలిచిన వైద్యుడు డాక్టర్ సి. గోపాలన్. ఆయన పని చాలా భాగం మన తెలుగునేల మీదే జరిగింది గనుక, మన బిడ్డలకు పనికొచ్చేది గనుక, ఈ పాఠంలో ఆయన గురించి తెలుసుకుందాం.

గోపాలన్ 1918 నవంబరు 29న సేలంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, లండన్‌లో పరిశోధన చేసి, కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో చేరారు. ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ పేరు 1969లో వచ్చింది. 1960ల మొదటినుండి 1974 వరకు దానికి డైరెక్టరు గోపాలన్. తర్వాత 1979 వరకు భారత వైద్య పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్. పద్మశ్రీ, పద్మభూషణ్ బిరుదులు అందుకున్నారు. 2019 అక్టోబరులో నూరేళ్ల వయసులో కన్నుమూశారు.

బిరుదుల కంటే ఆయన పనిచేసిన తీరు నాకు నచ్చుతుంది. ఆయన మంచం మీది బిడ్డను చూశారు, ఆ బిడ్డ ఊరినీ చూశారు. రెండూ చూసే డాక్టర్లు తక్కువ.

ఆ రోజుల్లో పిల్లల వార్డులకు రెండు రకాల బిడ్డలు వచ్చేవారు. ఒక రకం ఎముకల మీద చర్మం అంటుకుపోయి, ముఖం ముసలివాడి ముఖంలా ఉండేది. దీన్ని మరాస్మస్ అంటారు. రెండో రకం పాదాలు, ముఖం ఉబ్బి, జుట్టు రాగిరంగుకు తిరిగి, చర్మం పొలుసులుగా ఊడి, ఎవరు పలకరించినా విసుగ్గా మూలిగేది. ఇది క్వాషియార్కర్. ఈ పేరును 1930లలో ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ అక్కడి భాషనుండి తీసుకున్నారు. తల్లికి మరో కాన్పు వచ్చి, చంకదిగిన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. మన పల్లెల్లో దీన్నే పక్షిదోషమని తాయెత్తులు కట్టించేవారు. ఇప్పటికీ తాయెత్తుతో పాటే వార్డుకు వచ్చే బిడ్డలున్నారు.

ఉబ్బిన బిడ్డకు మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, చాలకనే ఈ జబ్బు వస్తుందని అప్పుడు ప్రపంచమంతా నమ్మింది. ప్రోటీన్ పొడులు తయారుచేసి పేద దేశాలకు పంపితే సరిపోతుందని పెద్ద పెద్ద సంస్థలు అనుకున్నాయి. గోపాలన్, ఆయన తోటివారు హైదరాబాదు వార్డులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ బిడ్డలు నిజంగా ఏమి తింటున్నారో, ఎంత తింటున్నారో లెక్కకట్టారు. ఉబ్బిన బిడ్డా ఎండిన బిడ్డా తిన్న తిండి ఒకటే రకంగా కనబడింది. అన్నమో జొన్నో, కాస్త పప్పో తినే ఇంట్లో ప్రోటీన్ పాలు మరీ తక్కువేమీ కాదు. తక్కువైంది మొత్తం తిండే. పెట్టినదే ఇంకాస్త ఎక్కువ పెడితే రెండు లోట్లూ చాలావరకు తీరతాయి.

కడుపు నిండని బిడ్డకు ప్రోటీన్ పొడి ఒక్కటే ఇస్తే ఏమవుతుంది? ఒంటికి ముందు కావలసింది శక్తి. శక్తి లేనప్పుడు శరీరం ఆ ప్రోటీన్‌నే కాల్చుకుంటుంది. పొయ్యిలోకి పుల్లలు లేక తలుపు చెక్కలు పెట్టినట్టన్నమాట.

దీన్ని నోటిమాటగా వదలలేదు. హైదరాబాదు దగ్గరి పల్లెల్లో ఒకటి నుండి అయిదేళ్ల లోపు పిల్లలకు గోధుమపిండి, పంచదార, నూనెతో చేసిన తినుబండారం రోజూ ఇచ్చారు. అందులో సుమారు 300 కేలరీలు, ప్రోటీన్ మాత్రం 3 గ్రాములే. ఏడాదికి పైగా ఇచ్చి కొలిస్తే, ఆ పిల్లలు మిగతా పిల్లల కంటే ఎత్తూ బరువూ బాగా పెరిగారు. ఈ ఫలితాలు 1973లో అచ్చయ్యాయి.

ఇది చదువుతున్న మీలో కొందరు చెవికమ్మలు తాకట్టు పెట్టి ప్రోటీన్ డబ్బా కొని ఉంటారు. ఆ డబ్బా ఖరీదు పెట్టి నెలరోజులకు సరిపడా పప్పు, నూనె, గుడ్లు కొనవచ్చు. డబ్బా మీద బలంగా నవ్వే పిల్లవాడి బొమ్మను చూసి మోసపోకండి. డాక్టరుగారు ప్రత్యేకంగా రాస్తే తప్ప అది కొనవలసిన పనిలేదు. దానియేలు గ్రంథంలో ఆ నలుగురు యువకులు రాజుగారి భోజనం వద్దని శాకధాన్యాలు తిని పదిరోజుల్లో కళకళలాడిన సంగతి మీరు గుడిలో విన్నదే.

ఆ సంస్థవారు తయారుచేసిన "హైదరాబాద్ మిక్స్" మా వార్డులోనూ నేర్పుతాం. గోధుమలు 400 గ్రాములు, వేయించిన శనగపప్పు 160 గ్రాములు, వేరుశనగ గుళ్లు 100 గ్రాములు, బెల్లం 200 గ్రాములు. గోధుమలు, గుళ్లు విడివిడిగా దోరగా వేయించి, అన్నీ పొడిచేసి కలిపి, తడిలేని డబ్బాలో పెట్టుకోండి. ఒక బిడ్డకు పదిరోజులకు వస్తుంది. రోజుకు 86 గ్రాముల పొడిని మూడునాలుగు విడతలుగా వేడినీళ్లలోనో పాలలోనో కలిపి పెడితే 330 కేలరీలు, 11 గ్రాముల ప్రోటీన్ అందుతాయి. బూజు వాసన వచ్చిన వేరుశనగలు వేయకండి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఏదీ వద్దు.

ఒక హెచ్చరిక. పాదాలు ఉబ్బిన బిడ్డకు, బాగా చిక్కిపోయిన బిడ్డకు ఇంట్లో ఒక్కసారిగా ఎక్కువ తిండి పెట్టడం ప్రమాదం. గుండె తట్టుకోలేదు. అందుకే వార్డులో మొదటి రోజుల్లో కొలిచిన పాలు కొద్దికొద్దిగా, రాత్రిళ్లు కూడా లేపి ఇస్తాం. "సిస్టరు కడుపునిండా పెట్టనివ్వడం లేదు" అని కోప్పడి పెట్టెసర్దుకుని వెళ్లిపోకండి.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. గోపాలన్ ఇచ్చిన జవాబు సూటిగా ఉంది. ధనవంతుల పిల్లలకు ఒక కొలబద్ద, పేదవారి పిల్లలకు ఇంకొక చిన్న కొలబద్ద పెట్టడం అన్యాయమన్నారు. తిండి చాలక పొట్టిగా ఉండిపోయిన బిడ్డ పెద్దయ్యాక బరువు పని చేయలేడు, కూలి తక్కువ వస్తుంది. ఆడపిల్లయితే తానూ చిన్న బిడ్డను కంటుంది. ఆ బిడ్డా అదే దారిలో నడుస్తుంది. కాబట్టి "వంశం" అని మనం అనుకునేది చాలాసార్లు తరతరాల ఆకలి. మంచి తిండి, శుభ్రమైన నీరు ఉన్న మన కుటుంబాల పిల్లలు ఇతర దేశాల పిల్లలతో సమానంగా పెరుగుతారని తర్వాత రుజువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల పట్టికలు ఆరు దేశాల పిల్లలను కొలిచి చేసినవి. వారిలో నార్వే పిల్లలున్నారు, మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లలు నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు.

అన్నిటికీ తిండి ఒక్కటే కారణం కాదు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల నీళ్లలో ఫ్లోరైడు ఉన్నదని 1937లోనే బయటపడింది. అప్పుడవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ నీటివల్ల ఎముకలు, పళ్లు పాడవుతాయి. మోకాళ్లు లోపలికి వంగిన పిల్లలను ముందు డాక్టరుకు చూపించండి.

మన మెట్టప్రాంతంలో ఇంకో ఇబ్బంది ఉంది. పత్తితీతలు, మిరపకోతలు వచ్చాయంటే తల్లి చీకటితోనే ట్రాక్టరెక్కుతుంది, పొద్దుగూకి వస్తుంది. ఏడాదిన్నర బిడ్డ ముసలమ్మ దగ్గరో ఎనిమిదేళ్ల అక్క దగ్గరో ఉంటాడు. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చారన్నం. వాడి పొట్ట గుప్పెడంత. రెండుసార్లకు రోజంతటికీ సరిపడా తిండి అందులో పట్టదు, అయిదారుసార్లు పెట్టాలి. అందుకే ఆ పొడి డబ్బా ముసలమ్మకు అందేచోట పెట్టి, ఎన్నిసార్లు ఎంత కలపాలో తల్లే చూపించి వెళ్లాలి. అన్నంలో ఒక చెంచా నూనె కలిపితే కొద్ది తిండిలోనే ఎక్కువ శక్తి వస్తుంది. 1975లో మొదలైన అంగన్‌వాడీలు ఇలాంటి బిడ్డలకోసమే. బాలామృతం తెచ్చి ఇంటిల్లిపాదీ పంచుకోకండి, అది చిన్నవాడిది.

గోపాలన్ పట్టుదల గల మనిషే గాని మూర్ఖపు పట్టు కాదు. రేచీకటితో పిల్లల కళ్లు పోకుండా ఆరునెలలకొకసారి విటమిన్ ఎ మందు వేయవచ్చని ఆయన సంస్థలోనే పరిశోధన జరిగింది. దానిమీదే 1970లో జాతీయ కార్యక్రమం మొదలైంది. కాలం మారాక, అందరికీ మందు పోస్తూ కూర్చునేకంటే ఆకుకూరలు తినిపించే దారి చూడాలని ఆయనే వాదించారు. నర్సమ్మ వేసే మోతాదు వేయించండి. పెరట్లో మునగచెట్టు ఉంటే ఆకు కోసి పప్పులో వేయండి.

ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు అంగన్‌వాడీ తూకం కార్డు తీసుకురండి. ఒక్కరోజు బరువు కంటే, నెలనెలా గీత పైకి పోతున్నదా, ఆగిందా అన్నది మాకు ఎక్కువ చెబుతుంది. రెండు నెలలు గీత ఆగితే కోతలు అయ్యేదాకా ఆగకండి. ఆరునెలలు దాటిన బిడ్డ జబ్బకు చుట్టిన టేపు 11.5 సెంటీమీటర్ల లోపు చూపినా, రెండు పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడినా అదే రోజు తీసుకురండి.