గుఱ్ఱములకు బీటు పిప్పి మేత

"గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు" అని లోకోక్తి. గుఱ్ఱమును పోషించు రైతునకు ఈ మాటలోని భారము తెలియనిది కాదు. అయితే దాణా ఎంత పెట్టినను కొన్ని గుఱ్ఱములకు ఒడలు పట్టదు. ముఖ్యముగా వయసు మీఱి పండ్లు అరిగిన గుఱ్ఱము ఎండుగడ్డిని నమలజాలక ముద్దలుగా నోటినుండి జాఱవిడుచును. దాని ప్రక్కటెముకలు పైకి తేలును. అట్టి సమయమున యజమాని ఉలవలనో జొన్నలనో హెచ్చించుట వాడుక. ఈ పని పలుమాఱు గుఱ్ఱమును బాగుచేయుటకు మాఱుగా దానిని శూలకును, గిట్టల వాపునకును గుఱిచేయును. ఐరోపా, అమెరికా ఖండములలో ఇట్టి గుఱ్ఱములకు బీటు పిప్పిని నానవేసి పెట్టుచుందురు. ఆ మేతయొక్క గుణమును, హద్దులను, వాడు విధమును ఇందు తెలుపబడుచున్నవి.

1. బీటు పిప్పి యననేమి?

కూరగా వండుకొను ఎఱ్ఱ బీటుదుంపకు చక్కెర బీటు దాయాది. దీని దుంప తెల్లగాను పెద్దగాను ఉండును. అందు చక్కెర నూటికి 15 మొదలు 18 పాళ్లవఱకు ఉండును. ఈ దుంపలోని తీపి చెఱకు చక్కెరయే యని బెర్లిను రసాయనశాస్త్రజ్ఞుడు మార్‌గ్రాఫ్ 1747లో కనుగొనెను. అతని శిష్యుడు ఆఖార్డ్ సైలీషియా ప్రాంతమున స్థాపించిన కర్మాగారము 1802లో పని ప్రారంభించెను. నేడు రష్యా, ఫ్రాన్సు, జర్మనీ, అమెరికా సంయుక్త రాష్ట్రములు ఈ పంటకు ప్రధాన స్థానములు.

కర్మాగారమున దుంపలను కడిగి, సన్నని చీలికలుగా తఱిగి, వేడినీటిలో నుంచి చక్కెరను లాగివేయుదురు. మిగిలిన చీలికలను పిండి ఆరబెట్టినచో బీటు పిప్పి యగును. ఇది రేకులుగానో, అదిమిన గుళికలుగానో అమ్మకమునకు వచ్చును. కొన్నిటికి మొలాసిస్ అను చక్కెర మడ్డిని తిరిగి చేర్చుదురు, కొన్నిటికి చేర్చరు. ఈ భేదమును కొనునపుడే విచారింపవలెను.

2. గుఱ్ఱపు కడుపు పనిచేయు తీరు

ఎద్దువలె గుఱ్ఱము నెమరు వేయదు. దాని జీర్ణకోశము ఒడలికి తగినంత పెద్దది కాదు. అందుచే కొంచెము కొంచెముగా పలుమాఱు మేయుట దాని స్వభావము. గడ్డిలోని పీచు జీర్ణమగునది వెనుకనున్న పెద్ద ప్రేగులందు. అచ్చట కంటికి కానరాని సూక్ష్మజీవులు పీచును పులియజేసి గుఱ్ఱమునకు బలమిచ్చు ఆమ్లములను పుట్టించును.

గింజలలోని పిండి పదార్థము మాత్రము ముందున్న చిన్న ప్రేగులలోనే జీర్ణము కావలెను. ఒక్క పూటకు గింజలు అధికమైనచో జీర్ణముకాని పిండి పెద్ద ప్రేగులకు పోయి వేగముగా పులిసి, అచ్చటి మేలు చేయు సూక్ష్మజీవులను చంపును. శూలయు, గిట్టల వాపును ఇందువలననే పుట్టుచుండును. దాణా పెంచిన గుఱ్ఱము బలియుటకు బదులు పడిపోవుటకు కారణమిదియే.

బీటు పిప్పి పీచుజాతి మేత. అందు పిండి పదార్థము మిక్కిలి స్వల్పము. అయినను దాని పీచు ముదురు కొయ్యబారినది కాక మెత్తనిది. అందుచే సామాన్యపు ఎండుగడ్డికన్న తేలికగా జీర్ణమై ఎక్కువ బలమునిచ్చును. బరువునకు బరువు చూచినచో దాని బలము ఎండుగడ్డికన్న హెచ్చు, ఓట్లకన్న కొంచెము తక్కువ. గింజలవలని అపాయము లేకయే ఒడలు పట్టించుట దీని ముఖ్య ప్రయోజనము.

3. పిప్పిలో ఉన్నవి, లేనివి

పిప్పిలో మాంసకృత్తులు నూటికి 8 మొదలు 10 పాళ్లు మాత్రమే యుండును. కనుక ఎదుగు పిల్లలకును, పాలిచ్చు గుఱ్ఱములకును ఇది చాలదు. విటమినులు ఇందు మిక్కిలి స్వల్పము. దానికి కొఱకు పచ్చిమేత ఉండవలెను.

సున్నము ఇందు విశేషముగా కలదు: కిలోకు సుమారు 8 గ్రాములు. భాస్వరమో 1 గ్రాము మాత్రమే. గుఱ్ఱపు ఎముకల క్షేమమునకు మొత్తము మేతలో సున్నము భాస్వరమునకు ఒకటిన్నర మొదలు రెండు రెట్లుండుట మేలు. గోధుమ తవుడు దీనికి విపరీతము. అందు భాస్వరము మిక్కుటము, సున్నము అల్పము. తవుడే ప్రధానముగా తిన్న గుఱ్ఱపు ఎముకలు గుల్లబారి ముఖము ఉబ్బును. కనుక 1 కిలో పిప్పికి 300 మొదలు 400 గ్రాముల తవుడు కలిపినచో ఒకదాని లోపమును మఱియొకటి పూరించును.

4. నానవేయు విధము

పొడి పిప్పి తిన్న గుఱ్ఱపు కడుపు ఉబ్బి పగులునని పాశ్చాత్య దేశములలో చిరకాలముగా ఒక భయము కలదు. ఇది నిజము కాదు. నిజమైన అపాయము గొంతులో నున్నది. ఆత్రముగా తిను గుఱ్ఱమునకు పొడి పిప్పి ఆహారనాళమున అడ్డుపడి ఉబ్బును. అప్పుడు గుఱ్ఱము మెడ చాచి, దగ్గుచు, ముక్కుల వెంట చొల్లును మేతను కార్చును. వెంటనే మేతను తొలగించి పశువైద్యునికి కబురు చేయవలెను. నోటిలో నూనెగాని నీరుగాని పోయరాదు, అది ఊపిరితిత్తులకు పోవును.

కావున నానవేసి పెట్టుటయే క్షేమము. రేకులైనచో ఒక పాత్రకు రెండు మూడు పాత్రల నీరు పోసి రెండు గంటలు ఉంచవలెను. గుళికలకు నాలుగు పాత్రల నీరును, ఇంకను ఎక్కువ కాలమును కావలెను; వేళ్లతో చిదిమినపుడు లోపల గట్టి పలుకు తగులకూడదు. నీరు ఎక్కువైనను హాని లేదు, తక్కువైనచో కలదు.

చలిదేశములలో పిప్పిని రాత్రి నానవేసి మఱునాడు పెట్టుదురు. ఎండ తీవ్రముగా నుండు చోట్ల అట్లు చేయరాదు. కొలది గంటలలోనే పులియును. ఏ పూటది ఆ పూటకే నానవేసి, మిగిలిన దానిని పాఱవేసి, తొట్టిని కడుగవలెను. పుల్లని వాసన వచ్చిన పిప్పి పనికిరాదు.

5. మోతాదు

పిప్పిని పొడిగా నున్నపుడే తూచవలెను. నానిన పిమ్మట అది పలు రెట్లు బరువగును గనుక తడి పిప్పిని చూచి ఎక్కువ పెట్టితిమని భ్రమించి గుఱ్ఱమును అర్ధాకలితో నుంచుట కలదు. మొదట దినమునకు 250 గ్రాములతో ప్రారంభించి, పది పదునాలుగు దినములలో క్రమముగా పెంచవలెను. పెద్ద ప్రేగులలోని సూక్ష్మజీవులు క్రొత్త మేతకు అలవాటుపడుటకు ఈ గడువు అవసరము. 400 కిలోల గుఱ్ఱమునకు దినమునకు 1 కిలో మొదలు 1½ కిలోల పొడి పిప్పిని రెండు పూటలుగా పెట్టుట మితమైన మోతాదు. పెంచినకొలది గింజలను తగ్గింపవలెను.

ఎండుగడ్డిని మాత్రము మానరాదు. గుఱ్ఱపు బరువులో నూటికి ఒకటిన్నర పాళ్లకు తగ్గకుండ, అనగా 400 కిలోల గుఱ్ఱమునకు దినమునకు 6 కిలోలు, పీచుమేత ఉండవలెను. పండ్లు లేని గుఱ్ఱమునకు గడ్డిని చిన్నగా నఱికి నీట తడిపి పిప్పితో కలుపవచ్చును. ఇదివఱలో గిట్టల వాపు వచ్చిన గుఱ్ఱములకును, మిక్కిలి బలిసిన తట్టువలకును మడ్డి కలిపిన పిప్పి తగదు.

6. తెలుగు రైతు గ్రహింపవలసినది

తెలుగు దేశమున చక్కెర చెఱకునుండియే వచ్చుచున్నది. 1937లో బోధనువద్ద స్థాపింపబడిన నిజాము చక్కెర కర్మాగారమును చెఱకునే ఆడినది. రాజస్థానములోని శ్రీగంగానగరమున కొంతకాలము బీటునుండియు చక్కెర తీసిరి. పేరు ఒకటైనంత మాత్రమున చెఱకు పిప్పి బీటు పిప్పికి సాటి రాదు. చెఱకు పిప్పి పీచు కొయ్యబారినది. గుఱ్ఱపు ప్రేగులకు అది జీర్ణము కాక అడ్డుపడవచ్చును.

బీటు పిప్పి దొరకని చోటను పైని చెప్పిన సూత్రము మారదు. చిక్కిన గుఱ్ఱమునకు మొదట పండ్లు చూపించి, వాడి అంచులను అరగదీయించి, పురుగులకు మందు ఇప్పింపవలెను. పిమ్మట గింజలను పెంచక, మెత్తని పచ్చగడ్డిని, తఱిగిన లూసర్నును పెంచవలెను. లూసర్ను పిప్పివలె సున్నము గల మేతయే గాని మాంసకృత్తులు దానికన్న ఎక్కువ.

7. ముఖ్య నియమములు

పండ్లను చూపింపక మేత మార్చరాదు. పిప్పిని పొడిగా తూచి, తడిపి పెట్టవలెను. ఏ పూటది ఆ పూటకే నానవేయవలెను. కొంచెముతో మొదలిడి రెండు వారములలో పెంచవలెను. ఎండుగడ్డిని, ఉప్పును, మంచినీటిని ఎల్లప్పుడు అందుబాటున నుంచవలెను. పదునైదు దినముల కొకసారి ఒకేచోట నాడాతో గుఱ్ఱపు ఛాతి చుట్టుకొలతను కొలిచి వ్రాసియుంచవలెను. దినదినము చూచు కంటికి తెలియని మార్పు ఆ కొలత తెలుపును. కొలత పెరుగుచున్నచో మేత సరిపడినట్లు; నెల గడచినను పెరుగనిచో లోపము మేతలో కాక ఒడలిలో నున్నదని గ్రహించి పశువైద్యుని ఆశ్రయింపవలెను.