స్థూలకాయం: జన్యువుల పరస్పర ప్రభావం

“మా వంశంలో అందరిదీ భారీ శరీరమే, మేమేం చేయగలం?” అనే మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. ఇందులో కొంత సత్యం ఉంది. అయితే సాధారణంగా స్థూలకాయం ఏ ఒక్క జన్యువూ ఇచ్చే తీర్పు కాదు. అనేక జన్యువులు ఒకదానిపై మరొకటి చూపే ప్రభావానికి మన జీవనవిధానం తోడైనప్పుడు కలిగే ఫలితం.

ఆకలిని అదుపుచేసే గొలుసు

కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. శాస్త్రజ్ఞులు 1994లో గుర్తించిన ఈ హార్మోను, శరీరంలో నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు తెలుపుతుంది. ఆ సందేశాన్ని ఒక గ్రాహకం అందుకుంటుంది. పీఓఎంసీ అనే జన్యువు దానిని ముందుకు పంపుతుంది. ఎంసీ4ఆర్ అనే జన్యువు తృప్తిని కలిగిస్తుంది. కుళాయికి నీరు రావాలంటే ట్యాంకు, గొట్టం, వాల్వు అన్నీ పనిచేయాలి. అలాగే ఈ గొలుసులో ఒక జన్యువు పూర్తిగా దెబ్బతింటే, తక్కినవి సక్రమంగా ఉన్నా ఆకలి అదుపులో ఉండదు. ఇటువంటి తీవ్రలోపాలు అరుదు.

పొరుగు జన్యువులపై ప్రభావం

ఎక్కువమందిలో వందలాది చిన్న జన్యుభేదాలు తలా కొంత ప్రభావం చూపుతాయి. వీటిలో ప్రసిద్ధమైనది 2007లో వెల్లడైన ఎఫ్‌టీఓ భేదం. దీనిని తల్లి నుండీ తండ్రి నుండీ కూడా పొందిన ఐరోపా వయోజనులు, అసలు పొందనివారి కంటే సగటున 3 కిలోలు అధిక బరువు కలిగి ఉన్నారు. ఈ భేదం ఎఫ్‌టీఓలోనే ఉన్నా, ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 అనే పొరుగు జన్యువులను అది ఉత్తేజపరుస్తుందని 2015 నాటి పరిశోధన చూపింది. అప్పుడు కొవ్వు కణాలు శక్తిని వేడిగా ఖర్చు చేయడం తగ్గించి, నిల్వ చేయడానికి మొగ్గుతాయి.

మన చేతిలో ఉన్నది

రెండు లక్షలకు పైగా వయోజనుల సమాచారాన్ని 2011లో పరిశీలించగా, శారీరక శ్రమ చేసేవారిలో ఈ భేదం వల్ల కలిగే స్థూలకాయ ప్రమాదం నాలుగో వంతుకు పైగా తక్కువని తేలింది. పొలంలో శ్రమించిన తాతగారి జన్యువులే నగరంలో కుర్చీలో కూర్చుని పనిచేసే మనుమడికీ సంక్రమించాయి. మారినది జీవనవిధానం.

కనుక ఈ క్రింది విషయాలు గమనించగలరు:

• నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.
• భారతీయులకు శరీర ద్రవ్యరాశి సూచిక 23కు చేరితే అధిక బరువు, 25కు చేరితే స్థూలకాయం.
• కుటుంబంలో స్థూలకాయం ఉన్నవారు పిల్లలకు బాల్యం నుండే ఆటలు, నడక అలవాటు చేయాలి.
• 30 ఏళ్లు నిండినవారు సమీపంలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేయించుకోవాలి.