విక్రమసింహపురిని చూచే విధానం

రాజధాని అనగానే మనకు కోటగోడలు, రాజప్రాసాదాలు, విజయతోరణాలు స్ఫురిస్తాయి. హైదరాబాదు వెళ్ళినవారు గోలకొండను, వరంగల్లు వెళ్ళినవారు కాకతీయుల తోరణాలను చూచి వస్తారు. మన నెల్లూరు కూడా ఒకనాటి రాజధానియే. పదమూడవ శతాబ్దిలో తెలుగు చోడులు విక్రమసింహపురమనే పేరుగల ఈ నగరం నుండి రాజ్యమేలారు. అయినా ఇక్కడికి వచ్చిన అతిథికి ఏమి చూపవలెనో మనలో చాలామందికి తోచదు.

మా విద్యార్థి ఒకడు కోటమిట్టలో నివసిస్తాడు. సెలవులకు హైదరాబాదు నుండి వచ్చిన అతని మేనమామ కుమారుడు, "కోటమిట్ట అంటున్నారు గదా, కోట ఏదీ?" అని అడిగాడట. పుట్టింది మొదలు ఆ వీధుల్లోనే తిరిగిన మన విద్యార్థి బదులు చెప్పలేకపోయాడు. మరునాడు మా వద్దకు వచ్చి, "మన ఊళ్ళో చూపడానికి ఏమీ లేదా సార్?" అన్నాడు. ఆ చిన్నబోయిన ముఖం మమ్ములను బాధించింది. అతనికి మేము చెప్పిన సమాధానమే ఈ పాఠం.

మనుమసిద్ధి నివసించిన మందిరం నేడు మనకు కానరాదు. కాబట్టి ఈ నగరాన్ని చూడదలచినవారు, "రాజు ఎక్కడ ఉండేవాడు?" అని గాక, "రాజధాని ఇక్కడనే ఎందుకు వెలసింది?" అని ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్నకు పెన్నానది మొదటి సమాధానం చెబుతుంది.

పెన్న ఒడ్డున

ఉదయం ఎండ ముదరక ముందే రంగనాయకులపేట చేరుకోవాలి. తల్పగిరి రంగనాథస్వామి ఆలయపు గాలిగోపురాన్ని, అద్దాల మండపాన్ని చూచి, నది ఒడ్డున కొంతసేపు కూర్చోవాలి. వేసవిలో ఇసుక తిన్నెలు, వరదలో ఎర్రని నీరు. ఈ నీటివల్లనే ఇక్కడ వరి పండింది. వరివల్లనే రాజ్యం నిలిచింది. 1855లో ఇక్కడ ఆనకట్ట కట్టినా, 2022లో కొత్త బ్యారేజీ ప్రారంభమైనా, ఆ పాత అవసరమే కారణం.

తిక్కన సోమయాజి మనుమసిద్ధికి మంత్రి, ఆస్థానకవి. నిర్వచనోత్తర రామాయణాన్ని రాజుకు అంకితమిచ్చాడు. విరాటపర్వం మొదలు పదునైదు పర్వాల భారతాన్ని మాత్రం హరిహరనాథునికి సమర్పించాడు. రాజ్యం కోల్పోయిన మనుమసిద్ధి కొరకు ఆయన ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుని సాయమర్థించాడని చెబుతారు. శైవులు, వైష్ణవులు కలహించుకొనే కాలంలో శివకేశవులను ఒక్క మూర్తిగా భావించిన కవి ఈ ఊరివాడు. ఆ సంగతిని అతిథికి చెప్పకుండా పెన్న ఒడ్డు విడిచి రాకూడదు.

మూలాపేట, కోటమిట్ట

అక్కడినుండి మూలాపేటకు రావాలి. మూలస్థానేశ్వరాలయంలోని లింగం నెల్లి చెట్టు, అనగా ఉసిరిచెట్టు, క్రింద వెలసిందనీ, అందువల్లనే ఊరికి నెల్లూరనే పేరు వచ్చిందనీ ఐతిహ్యం. నెల్లు అంటే వరి గనుక అదే పేరుకు మూలమని మరికొందరంటారు. రెండూ చెప్పండి; అతిథి తనకు నచ్చినది గ్రహిస్తాడు.

పిమ్మట కోటమిట్ట. మిట్ట అంటే ఎత్తైన నేల. మట్టిగోడల కోట కరిగిపోయింది, పేరు మిగిలింది. 1757లో ఈ ఊరు ఆర్కాటు నవాబు సోదరుడు నజీబుల్లా అధీనంలో ఉండగా, కుంఫిణీ సేనాని ఫోర్డు ముట్టడించి గెలవలేక వెనుదిరిగాడు. 1801లో నవాబుల రాజ్యమంతా కుంఫిణీవారి వశమైంది. చోడులతోనే ఊరి చరిత్ర ముగిసిందని తలచేవారు ఈ వీధులను చూడకుండా పోతారు. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడే మన కుటుంబాలు కూడా ఆ చరిత్రలో భాగమే. మా విద్యార్థి వెదకిన కోట అతని చిరునామాలోనే ఉన్నది.

మధ్యాహ్నం ఎండలో తిరగడం మంచిది కాదు. భోజనానికి మామిడికాయ వేసిన చేపల పులుసు, తీపికి మలై కాజా పెట్టండి. నెల్లూరు పేరు దేశమంతటా మోసినవాటిలో ఇవీ ఉన్నాయి.

స్వర్ణాల చెరువు

సాయంకాలం స్వర్ణాల చెరువు గట్టుకు వెళ్ళాలి. అక్కడ పన్నెండుగురు అమరుల సమాధులున్న బారాషహీద్ దర్గా కలదు. మొహర్రం మాసంలో రొట్టెల పండుగ జరుగుతుంది. నిరుడు కోరిక తీరినవారు రొట్టె తెచ్చి, అదే కోరిక గలవారికి చెరువు నీటిలో నిలిచి అందిస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెండ్లి రొట్టె, సంతానం రొట్టె అని పేర్లు. ఇచ్చేవారి మతమేమిటో పుచ్చుకొనేవారు అడుగరు. పండుగనాడు జనసమ్మర్దంలో ఈ దృశ్యాన్ని చూడండి. మామూలు దినాన వచ్చి నిశ్చలమైన చెరువును చూడండి. హరిహరనాథుని ఊరిలో ఈ పండుగ జరగడం మాకు వింతగా తోచదు.

రెండవరోజు వీలైతే సముద్రతీరానికి వెళ్ళాలి. మైపాడు వద్ద అలలు చూడవచ్చు. కృష్ణపట్నం పూర్వం నుండి రేవు. 2008లో అక్కడ ఆధునిక ఓడరేవు పని ప్రారంభించింది. నది, పొలం, సముద్రం ఇంత దగ్గరగా ఉన్నచోట రాజధాని వెలయడంలో ఆశ్చర్యమేమున్నది? అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల భయం. మే నెలలో ఎండ దుర్భరం. సంక్రాంతి తరువాతి దినాలు యాత్రకు అనుకూలం.

విద్యార్థులారా! మీ వీధిపేరు ఎలా వచ్చిందో మీ ఇంటి పెద్దలను అడగండి. వారు చెప్పినది వ్రాసి ఉంచుకోండి. గోడలు పడిపోయిన పిదప ఊరిని కాపాడేది ఆ జ్ఞాపకమే. మరుసటి సెలవులకు బంధువు మళ్ళీ వచ్చి, "కోట ఏదీ?" అని అడిగితే మా విద్యార్థి తలవంచుకోడని మా నమ్మకం.