చీపురు మాట్లాడింది

ఏ.ఎస్. రావు నగర్ సికింద్రాబాదు దగ్గర ఉన్న కాలనీ. దానికి ఆ పేరు శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు గారి వల్ల వచ్చింది. ఈ.సి.ఐ.ఎల్. కంపెనీని స్థాపించింది ఆయనే.

ఆ కాలనీలో మూడిళ్లలో అంట్లు తోమే ఒక అక్క ఉందనుకుందాం. ఆమె కొత్తగా చదువు నేర్చింది. సంతకం పెడుతుంది. బస్సు మీద బోర్డు చదువుతుంది.

ఒక రోజు టీచరమ్మ, "అక్కా, ఒక చిన్న కథ రాయి" అంది.

"నేనేం కథ రాస్త టీచరమ్మా! నా బతుకంతా గోసే."

"ఆ గోసనే రాయి."

"అమ్మో! ఇంట్లోళ్లు ఊరుకుంటరా? పనిచేసే ఇంటోళ్లు చూస్తే పని పోదా?"

అక్క భయం నిజమే. మనలో చాలామందికి ఆ భయం ఉంటుంది. అప్పుడు టీచరమ్మ ఒక సంగతి చెప్పింది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. మనలాంటి ఆడవాళ్లే రాత్రి బడికి వచ్చారు. వాళ్ల వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. సీతమ్మ పేదింటి ఇల్లాలు. మగని తాగుడు వల్ల నలిగిపోయింది. ఆ పాఠం చదివి ఆడవాళ్లు సీతమ్మ గురించి మాట్లాడుకున్నారు. అలా మాట్లాడుతూ తమ ఇళ్ల సంగతులు చెప్పుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఏకమై సారా అమ్మకం ఆపించారు. ఉద్యమం ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

కథ ఒక్కటే ఇంత పని చేయలేదు. ఆడవాళ్లు కలిసి నిలబడ్డారు. కానీ నోరు విప్పడానికి కథ దారి చూపింది.

"చూశావా అక్కా! నీ పేరు రాయొద్దు. వేరే పేరు పెట్టు. జరిగింది రాయి. జరిగితే బాగుండు అనుకున్నది కూడా కలుపు. దాన్నే ఊహ అంటారు" అంది టీచరమ్మ.

అక్క రెండు రోజులు ఆలోచించింది. ఇలా రాసింది:

"మల్లమ్మ కొడుకుకు జ్వరం వచ్చింది. రెండు దినాలు పనికి పోలేదు. నెల కాంగనే ఇంటామె రెండు దినాల పైసలు పట్టుకున్నది. మల్లమ్మకు నోరు రాలేదు. అప్పుడు చేతిల ఉన్న చీపురు మాట్లాడింది. 'అమ్మా! నీ బిడ్డకు జ్వరమొస్తే నువ్వు ఆఫీసుకు పోయినవా?' అన్నది. ఇంటామె తల దించుకున్నది. పైసలు తెచ్చి ఇచ్చింది."

ఇందులో జ్వరం నిజం. పైసలు పట్టుకోవడం నిజం. చీపురు మాట్లాడడం ఊహ. అక్క అనలేని మాట చీపురు అన్నది.

అక్క ఆ కథ బడిలో చదివి వినిపించింది. పోయిన పైసలు తిరిగి రాలేదు. కానీ పక్కనున్న చెల్లె, "నాకూ ఇట్లనే అయ్యింది" అన్నది. ఇంకో అక్క, "నెలకు రెండు రోజులు సెలవు కావాలని అందరం కలిసి అడుగుదాం" అన్నది.

చెప్పండి:
1. అక్క కథ రాయడానికి ఎందుకు భయపడింది?
2. అక్క కథలో నిజం ఏది? ఊహ ఏది?

రాయండి:
మీకు జరిగిన ఒక కష్టం తలచుకోండి. మీ పేరు బదులు వేరే పేరు పెట్టండి. మీ ఇంట్లోని రోలు, బిందె, పొయ్యి మాట్లాడితే ఏమంటాయి? అయిదు వాక్యాలు రాయండి. తప్పులు పోతాయని ఆగకండి. రాసింది తోటివారికి చదివి వినిపించండి.