బరువు మోయు గాడిదలు, గుఱ్ఱములు: బాడుగకు పిలుచు రైతులు గమనింపవలసిన సంగతులు

బండి పోజాలని ఇఱుకు దారులలో పెంటను పొలమునకు చేర్చుటకును, ఇటుకలు, ఇసుక, ధాన్యపు బస్తాలు మోయించుటకును రైతులు గాడిదలను బాడుగకు పిలుచుట కలదు. కొన్నిచోట్ల తట్టువ గుఱ్ఱములును ఈ పని చేయుచున్నవి. వీని యజమానులు తఱచుగా భూమిలేని రజకులు, కుమ్మరులు, వడ్డెరలు. పశువు పనికిరానిదైననాడు వారి ఇంట పొయ్యి వెలుగుట కష్టము. భారతదేశమున 2012 పశుగణనమందు సుమారు 3 లక్షల 20 వేల గాడిదలుండగా, 2019 గణనము నాటికి సుమారు 1 లక్షా 20 వేలు మాత్రమే మిగిలినవి. కావున ఉన్నవానిని కాపాడుకొనుట అందఱకును అవసరము.

బరువు: పశువుల పట్ల క్రూరత్వమును నివారించుటకై 1965లో చేయబడిన నియమముల ప్రకారము గాడిదపై 50 కిలోలకును, తట్టువపై 70 కిలోలకును మించి మోపరాదు. అయినను విడతకింత అని బాడుగ కుదుర్చుకొనుటచే, విడతలు తగ్గించుటకై ఎక్కువ బరువు మోపుట జరుగుచున్నది. ఇందలి నష్టమును లెక్కించి చూడుడు. 600 కిలోల పెంటను 50 కిలోల చొప్పున మోసిన 12 విడతలు, 75 కిలోల చొప్పున మోసిన 8 విడతలు పట్టును. మిగిలినవి నాలుగు విడతలే. వీపు పుండుపడి ఆ గాడిద పది దినములు నిలిచిపోయినచో, దినమునకు 12 చొప్పున 120 విడతలు పోవును. రైతునకు ఎరువు వేయు అదను తప్పును, యజమానికి కూడు తప్పును. కావున బాడుగను విడతను బట్టి గాక మొత్తపు పనిని బట్టియో, దినమును బట్టియో కుదుర్చుకొనుట మేలు.

విశ్రాంతి: ఆ నియమముల ప్రకారమే దినమునకు మొత్తము 9 గంటలకు మించియు, ఎడతెగక 5 గంటలకు మించియు పని చేయింపరాదు. ఎండ 37 డిగ్రీలు మించు ప్రదేశములలో పగలు 12 మొదలు 3 గంటల వఱకు పని నిలుపవలెను. ఆ వేళ పశువును చెట్టునీడన కట్టి గంత దింపి, మంచి నీరు పెట్టవలెను. గాడిద తన బాధను సులభముగా బయటపెట్టదు. అది నిలిచి ఉన్నంత మాత్రమున బాగున్నదని తలంపరాదు.

పుండ్లు: గంత క్రింద మెత్తని, పొడి గుడ్డ వేసి, బరువు ఇరుప్రక్కల సమముగా నుండునట్లును, వెన్నెముకపై ఒత్తిడి పడకుండునట్లును చూడవలెను. పుండు పడినచో కాచి చల్లార్చిన నీటిలో కొంచెము ఉప్పు కలిపి కడిగి, మానువఱకు బరువు మోపరాదు. వాతలు పెట్టుట, మోటారు నూనె పూయుట హానికరము. ముందుకాళ్లను త్రాటితో బిగించి విడిచినచో ఒరిపిడికి గాయములగును. అట్టి గాయముల ద్వారా ధనుర్వాతము సోకవచ్చును. దీనికి ముందుగా టీకా వేయించవచ్చును. దినమునకొకసారి గిట్టలలోని రాళ్లను, బురదను తీయవలెను.

రోగములు: జోరీగల కాటువలన సర్రా యను రోగము వ్యాపించును. విడిచి విడిచి జ్వరము వచ్చుట, పశువు చిక్కిపోవుట, కాళ్లును పొట్టక్రిందను వాచుట దీని గుర్తులు. ముక్కునుండి చీము కారి, చర్మముపై గడ్డలు లేచి పగులుచున్నచో గ్లాండర్సు కావచ్చును. ఇది మనుష్యులకును అంటు ప్రాణాపాయకరమగు వ్యాధి. అట్టి పశువును వేఱుగా కట్టి, తాకక, వెంటనే ప్రభుత్వ పశువైద్యునకు తెలుపవలెను. జీవనము పోవునను భయముచే యజమాని దాచ యత్నింపవచ్చును. రైతులు అతనిని గద్దింపక, ధైర్యము చెప్పి వెంటబెట్టుకొని పోవుట ఉచితము.

బాడుగ మాటలాడునపుడే బరువును, విశ్రాంతిని గూర్చియు మాటలాడుకొనవలెను. పనికి పిలుచువాడు రైతు గనుక ఆ మాట ముందుగా రైతు నోటనే రావలెను.