పాచిని వదిలేస్తే పన్ను పోతుంది

పంటినొప్పి వస్తే రాత్రి నిద్ర ఉండదు, మరునాడు పాఠం తలకెక్కదు. మాలో చాలామంది అమ్మానాన్నలు మిర్చి కోతకు, పత్తి తీతకు వెళ్ళేవారే. మమ్మల్ని పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలంటే వారికి ఆ రోజు కూలి పోతుంది. కనుక మిత్రులారా, పన్ను పుచ్చకముందే కాపాడుకునే మార్గం తెలుసుకుందాం.

పంటిలో పురుగు ఉంటుందా?

పన్ను పుచ్చితే మన ఊళ్ళలో 'పురుగు పట్టింది' అంటారు. నిజానికి పురుగేమీ ఉండదు. ఉదయం లేవగానే నాలుకతో తడిమితే జిగటగా తగిలే పాచే అసలు కారణం. అది బాక్టీరియాలు గుంపుగా అల్లుకున్న పొర. 1683లో హాలెండు శాస్త్రవేత్త లీవెన్‌హుక్ తన పళ్ళపాచిని సూక్ష్మదర్శినిలో చూసి, అందులో కదిలే జీవులున్నాయని తెలిపాడు. పాచిని తీయకపోతే అది గట్టిపడి గారగా మారుతుంది. గార బ్రష్షుతో పోదు.

పన్ను ఎలా పుచ్చుతుంది?

మనం తిన్న చక్కెరను పాచిలోని బాక్టీరియాలు ఆమ్లంగా మారుస్తాయి. మన శరీరంలో అన్నిటికన్నా గట్టిదైన ఎనామిల్ కూడా, పాచిలో పి.హెచ్. సుమారు 5.5 కన్నా తగ్గితే కరగడం మొదలవుతుంది. తరువాత లాలాజలం ఆమ్లాన్ని మెల్లగా తగ్గించి, పోయిన ఖనిజాలను కొంతవరకు తిరిగి చేరుస్తుంది. అందుకే ఎంత తీపి తిన్నామన్నదే కాక, ఎన్నిసార్లు తిన్నామన్నదీ ముఖ్యం. గంటకో చాక్లెట్ చప్పరిస్తే లాలాజలానికి ఆ వ్యవధి దొరకదు. నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది కనుక రాత్రి పాచితో పడుకోవడం మరీ చేటు.

మొదట తెల్లమచ్చ వస్తుంది. అప్పుడే జాగ్రత్తపడితే పన్ను కోలుకోగలదు. గుంట పడితే మాత్రం తనంతట తాను పూడదు. కనిగిరి వంటి ఫ్లోరైడ్ నీటి ప్రాంతాల్లో కనిపించే గోధుమరంగు మచ్చలు వేరు. అవి పాచి వల్ల వచ్చినవి కావు.

మనం చేయవలసినవి

1. ఉదయం, రాత్రి పడుకోబోయే ముందు రెండేసి నిమిషాలు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవాలి. శనగగింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మేయాలి.
2. ఇటుకపొడి, బొగ్గు వాడరాదు. అవి ఎనామిల్‌ను అరగదీస్తాయి.
3. ఒకరి బ్రష్షు మరొకరు వాడరాదు. కుచ్చు విచ్చుకుపోతే మార్చాలి.
4. చిక్కీ, బిస్కెట్లు భోజనంతోపాటే తిని, నీళ్ళతో బాగా పుక్కిలించాలి.
5. సుమారు ఆరేళ్ళకు పాలపళ్ళ వెనుక వచ్చే దవడపన్ను పాలపన్ను కాదు. అది ఊడితే మళ్ళీ రాదు. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఈ సంగతి చెప్పాలి.
6. లవంగం నొప్పిని కాసేపు తగ్గిస్తుందే కాని పుచ్చును మాన్పదు. చల్లనీళ్ళకు పన్ను జివ్వుమంటే వార్డెన్‌గారికి చెప్పి డాక్టరుకు చూపించుకోవాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఈ రాత్రి నుండే మొదలుపెడదాం.

– వసతిగృహ విద్యార్థులు, చిలకలూరిపేట