కాలిన వేలు – మర్నాటి సంగతి

విశాఖ ఉక్కు కర్మాగారంలో కరిగిన ఉక్కు వేడి సుమారు 1600 డిగ్రీల సెంటీగ్రేడు. వేలు కాలడానికి అంత వేడి అక్కరలేదు. 60 డిగ్రీల నీరు చాలు, కొద్ది సెకండ్లలో చర్మం కాలిపోతుంది. వెంటనే 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచాలి. సిరా, పేస్టు పూయకూడదు. మరి మర్నాడు?

బొబ్బ చిదపకండి. అందులో ఉన్నది రక్తం నుంచి ఊరిన ద్రవమే. దానిపై పొర సూక్ష్మజీవులను అడ్డుకునే సహజమైన కట్టు. ఒకటికి మించి వేళ్లు కాలితే దేనికది విడిగా కట్టాలి, లేకుంటే పుండ్లు అతుక్కుపోవచ్చు. సముద్రపు తేమకో, చెమటకో కట్టు తడిస్తే మార్చాలి. నొప్పిగా ఉందని వేలు కదపడం మానేస్తే, మానే చర్మం ముడుచుకుని కీలు బిగుస్తుంది. డాక్టరు చెప్పినట్లు వంచి, చాచాలి.

చీము, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయక కింగ్ జార్జి ఆసుపత్రికో, దగ్గరి డాక్టరు వద్దకో వెళ్లండి. చర్మం తెల్లబడి నొప్పే తెలియకపోతే సంతోషించకండి సుమా! నాడుల కొసలు కూడా కాలిపోయాయన్నమాట.